వాసన వస్తోందా?

మా మావయ్యకి ఉన్నది ఒకే ఒక్క జబ్బు. ఎదురుగా మనిషి కనిపిస్తే చాలు, జేబులోంచి బొటనవేలంత సీసా తీసి, మూత తిప్పి, ఆ మనిషి ముక్కు కింద పెట్టి "వాసన వస్తోందా?" అని అడుగుతాడు. సీసాలో ఉండేది మట్టి. ఉత్త మట్టి కాదు, సుగంధ తైలం తాగిన మట్టి. "వస్తోందండీ, ఘుమఘుమలాడిపోతోంది" అన్నారో, ఆయన మొహం మాడిపోతుంది. "అబ్బే, ఏమీ రావట్లేదు" అన్నారో, మిమ్మల్ని కౌగిలించుకున్నంత పని చేస్తాడు. సెంట్లూ అత్తర్లూ చేసేవాళ్ళంతా వాసన రావాలని పాటుపడతారు. రాకూడదని జీవితమంతా పాటుపడుతున్నవాడు నాకు తెలిసి మా మావయ్య ఒక్కడే.

ఇది పిచ్చి కాదు, ఉద్యోగం అని ఆయన వాదన. రెండూనూ అని మా అత్తయ్య తీర్పు.

ఉద్యోగం సంగతి చెబుతాను. విత్తనాల మూటల్లో పురుగు పడుతుంది కదా. ఆ పురుగులకి లవంగ నూనె, నిమ్మగడ్డి నూనె, యూకలిప్టస్ నూనె లాంటివి బొత్తిగా పడవు. కానీ ఆ నూనెలు ఒకచోట నిలవవు. మూటలో పోసి వెనక్కి తిరిగేలోపు గాలిలో కలిసిపోతాయి. అందుకని వాటిని మట్టికి పట్టించి, ఆ మట్టి బిళ్ళల్ని మూటల్లో వేస్తే, కొద్దికొద్దిగా నూనెని వదులుతూ కాలమంతా కాపలా కాస్తాయని మా లాబ్ ఆశ. సీసా మూత తియ్యగానే గుప్పున కొట్టిందంటే, ఆ మట్టికి పట్టు లేదన్నమాట. అందుకే "రావట్లేదు" అన్న మాట మావయ్య చెవికి అంత తియ్యగా ఉండేది.

నాకు అదే లాబ్‌లో ఉద్యోగం వచ్చింది. ఇంట్లో మావయ్యా, ఆఫీసులో సార్‌ అన్నమాట. మొదటిరోజు నన్ను బల్ల దగ్గర కూర్చోబెట్టి పాఠం చెప్పాడు.

"చూడు అమ్మలూ, మట్టంటే ఉత్త పొడి అనుకోకు. లోపల పుస్తకంలో కాగితాల్లా పొరలుంటాయి. ఆ పొరల మధ్యకి నూనె వెళ్ళి కూర్చుంటుంది. గనిలోంచి తెచ్చిన మట్టి మంచిదే, నూనెకి గది అద్దెకిస్తుంది. కానీ దానికి నీళ్ళంటే చచ్చేంత ప్రేమ. కాస్త తేమ తగిలిందో, చుట్టాలొచ్చారని చెప్పి అద్దెకున్నవాణ్ణి సామానుతో సహా వీధిలో పెట్టేస్తుంది. అందుకని ఆ మట్టికి సబ్బులాంటి ఉప్పు ఒకటి పట్టించి దాని బుద్ధి మార్చేస్తాం. ఇక అప్పట్నుంచీ దానికి నీళ్ళంటే గిట్టదు. నూనెని మాత్రం ఓ పట్టాన వదలదు."

మొదటిదాన్ని మా లాబ్‌లో పచ్చిమట్టి అంటాం, రెండోదాన్ని మార్చినమట్టి అంటాం. ఈ రెండు మాటలూ గుర్తుపెట్టుకోండి. ఈ కథకి అంతకుమించి కెమిస్ట్రీ అక్కర్లేదు.

నిజానికి వాసన ఎంత వస్తోందో కొలవడానికి మా దగ్గర మంచి మిషనే ఉంది. కానీ మావయ్యకి మనిషి ముక్కు కావాలి. మిషన్‌కి ఇష్టాయిష్టాలు లేవు, పురుగుకి ఉంటాయి, అందుకని ఏదో ఒక ప్రాణి చెబితేనే నమ్మకం అంటాడు. ఆ ప్రాణులం మేమందరమూను. మావయ్య ఇంట్లో ఉండటానికి బయల్దేరుతుంటే మా అమ్మ నాకు బట్టలకంటే ముందు ఒక సలహా సర్దింది. "వాడు నీ ముక్కు దగ్గర ఏం పెట్టినా సరే, కళ్ళు మూసుకుని రావట్లేదు అనెయ్. పాపం, చిన్నప్పట్నుంచీ తమ్ముడు మొహం చిన్నబుచ్చుకుంటే నేను చూడలేను." వెళ్ళాక తెలిసింది, ఊరంతా అదే సలహా మీద నడుస్తోందని. గేటు దగ్గర వాచ్‌మన్ నుంచి డైరెక్టరు గారి దాకా అందరూ కూడబలుక్కున్నట్టు "రావట్లేదు" అనేవారు. కళ్ళవెంట నీళ్ళు కారుతున్నా అనేవారు.

ఒకసారి మేమిద్దరం బస్సులో వస్తున్నాం. పక్క సీట్లో మావయ్య సంచి కూర్చుని ఉంది. కండక్టరు వచ్చి అందులో ఏముందని అడిగాడు. మట్టి అన్నాడు మావయ్య. మట్టికి సీటేమిటండీ అని కండక్టరు ముక్కున వేలేసుకున్నాడు. మట్టి మీద ఒక మనిషి ఆసక్తి చూపించడమే పదివేలు అనుకున్నాడేమో, మావయ్య వెంటనే సీసా తీసి అతని ముక్కు కింద పెట్టాడు. అతను గట్టిగా ఒకటికి రెండుసార్లు పీల్చి, "ఏమీ రావట్లేదు సార్" అన్నాడు. మావయ్య ఆనందం పట్టలేక మట్టిసంచికి కూడా టికెట్ కొట్టమన్నాడు. కొట్టాడు. కొట్టి, అబ్బో, బస్సు అదిరిపోయేలా తుమ్మాడు. "జలుబు సార్. ఏ వాసనా తెలిసి చావట్లేదు" అన్నాడు ముక్కు తుడుచుకుంటూ. మావయ్య మొహం చూడాలి అప్పుడు. దిగేదాకా ఆ టికెట్ వెనక్కి తీసుకోమని అతన్ని ప్రాధేయపడ్డాడు. జలుబు ముక్కు లెక్కలోకి రాదట.

మా లాబ్‌లో ఒకతని పెళ్ళికి వెళ్ళినప్పుడు ఇంకా బాగా జరిగింది. అందరూ రంగు కాగితాల్లో చుట్టిన బహుమతులు తెస్తే మావయ్య ఒక చిన్న గుడ్డసంచి తెచ్చాడు, బట్టల బీరువాలో పెట్టుకోండి, పురుగు రాదు అంటూ. అక్కడితో ఆగితే ఆయన మావయ్య ఎందుకవుతాడు. వేదిక ఎక్కి పెళ్ళికూతురి ముక్కు కింద సీసా పెట్టి, వాసన వస్తోందా అమ్మా అని అడిగాడు. సరిగ్గా ఆ క్షణాన ఫోటో తీసేవాడు మీట నొక్కాడు. ఆ ఫోటోలో పెళ్ళికూతురు సీసాలోకి తొంగిచూస్తుంటుంది, పెళ్ళికొడుకు నోరు వెళ్ళబెట్టి ఉంటాడు. వాళ్ళింటికి ఎవరెళ్ళినా ముందు ఆ ఫోటోనే చూపిస్తారు.

ఇంతమంది అబద్ధాలకోరుల మధ్య ఆయనకి నిజం చెప్పే ముక్కు ఒక్కటే ఉండేది. అది మా అత్తయ్యది.

అత్తయ్య సబ్బుల ఫ్యాక్టరీలో వాసన చూసే ఉద్యోగం చేస్తుంది. ఏ సబ్బూ ఆవిడ ముక్కు దాటకుండా బయటికి వెళ్ళదు. అక్కడ అందరూ ఆవిడని ముక్కు మేడమ్ అంటారు, ఆ మాట ఆవిడకి పతకంలా ఉంటుంది. మావయ్య గుమ్మంలో చెప్పులు విప్పుతుంటే వంటింట్లోంచే "ఈ రోజు నిమ్మగడ్డి కదూ, మధ్యాహ్నం పుదీనా జోలికి కూడా వెళ్ళారు" అని చెప్పేస్తుంది. వాళ్ళిద్దరూ కలిసింది కూడా ఆ ఫ్యాక్టరీలోనే. లవంగ నూనె నమూనా అడగడానికి వెళ్ళిన మావయ్య, అలవాటు ప్రకారం ఎదురొచ్చిన అమ్మాయి ముక్కు కింద సీసా పెట్టాడు. "వస్తోంది. లవంగం. దాని వెనకాల తడిసిన మట్టి. మీ మూత కూడా సరిగ్గా లేదు" అందట ఆ అమ్మాయి. మావయ్య నూనె సంగతి మర్చిపోయి ఇంటికొచ్చి, పెళ్ళంటూ చేసుకుంటే ఆ ముక్కునే చేసుకుంటానన్నాడని మా అమ్మ ఇప్పటికీ నవ్వుతుంది.

పెళ్ళయ్యాక అత్తయ్య ఒక్కసారి కూడా మొహమాటానికి పోలేదు. రోజూ పొద్దున్నే సీసా, రోజూ "వస్తోంది", రోజూ మావయ్య డీలాపడి లాబ్‌కి వెళ్ళడం. దానికి తోడు ఇంట్లో ఎక్కడ చూసినా మట్టి. పోపుల డబ్బాల పక్కన మట్టి, చదివే పుస్తకం మీద మట్టి. వంటింట్లో సీసా కనిపిస్తే అత్తయ్య ఒంటికాలి మీద లేచేది. "ఆ కంపు సీసాలన్నా తీయండి, నన్నన్నా పంపించండి" అని ఆవిడ అరవడం, "ఇదిగో తీస్తున్నా" అని ఆయన పక్క అరలోకి జరపడం. ఆ ఇంటికి అదే గడియారం. ఆ కేక విని నేను లేచేదాన్ని.

ఇలా ఉండగా అత్తయ్యకి జ్వరం వచ్చింది. పెద్ద జ్వరమేమీ కాదు, పడిశం, ఒళ్ళునొప్పులు, నాలుగు రోజుల్లో లేచి తిరిగింది. లేచిన మర్నాడు పొద్దున్న మావయ్య ఎప్పటిలాగే సీసా తెచ్చి ముక్కు కింద పెట్టాడు. మూత తియ్యగానే గదికి ఆ చివర ఉన్న నాకు ముక్కుపుటాలు మండాయి. అంత ఘాటు లవంగం.

"వాసన వస్తోందా?"

అత్తయ్య ఒక్క క్షణం ఆగింది. "రావట్లేదు" అంది.

ఇన్నేళ్ళ కాపురంలో మొదటిసారి. మావయ్య ఎగిరి గంతేస్తాడనుకున్నాను. మూత బిగించి, టవల్ భుజాన వేసుకుని, కిక్కురుమనకుండా స్నానానికి పోయాడు. అప్పటికే ఆయన స్నానం చేసి ఉన్నాడు.

ఆ రోజుతో ఆవిడని అడగడం మానేశాడు. నన్ను అడిగాడు, పాలవాణ్ణి అడిగాడు, మెట్ల మీద ఎదురైన పిల్లిని కూడా వదల్లేదు. అత్తయ్య దగ్గరికి మాత్రం సీసా వెళ్ళలేదు. కోరుకున్న జవాబు దొరికింది కదా, ఇంకెందుకులే అనుకుని ఉంటాడనుకున్నాను నేను.

అసలు సంగతి నాకు పాలగిన్నె చెప్పింది. ఒక సాయంత్రం ఇంటికొచ్చేసరికి మాడు కంపు వీధిలోకి కొడుతోంది. పాలు పొంగి, ఇగిరి, గిన్నె నల్లగా అయిపోతోంది. పొయ్యికి రెండడుగుల దూరంలో అత్తయ్య నిమ్మకు నీరెత్తినట్టు కూర్చుని పేపరు చదువుకుంటోంది. నేను పరుగున వెళ్ళి స్టవ్ కట్టేశాను. ఆవిడ గిన్నె వంకా నా వంకా చూసి, పేపరు మడిచి పక్కన పెట్టింది.

"నాకు వాసన తెలియట్లేదే" అంది. "జ్వరం తగ్గింది కానీ ముక్కు రాలేదు. ఏ వాసనా లేదు. సబ్బూ ఒకటే, గోడా ఒకటే."

మరి ఫ్యాక్టరీలో ఎలా నెట్టుకొస్తున్నావని అడిగాను. సబ్బుముక్క చేతిలోకి తీసుకుని, కళ్ళు అరమోడ్చి, ముందు మీరేమనుకుంటున్నారో చెప్పండి అని కింద పనిచేసేవాళ్ళని అడుగుతోందట. వాళ్ళు చెప్పిందానికి గంభీరంగా తల ఊపుతోందట. మేడమ్ ఈ మధ్య మన మాట ఎంత వింటున్నారో అని వాళ్ళు మురిసిపోతున్నారట. చెబుతూ తనే నవ్వింది, నవ్వుతూనే కొంగుతో కళ్ళు తుడుచుకుంది.

కానీ చలికాలంలో ఏటా ఫ్యాక్టరీలో ముక్కుల పరీక్ష ఉంటుంది. చుట్టూ కాగితం లేని సబ్బుముక్కలు వరసగా పెట్టి, ఏ ముక్కలో ఏముందో చెప్పమంటారు. తల ఊపితే కుదరదు. తప్పితే ప్యాకింగ్‌లోకి పంపించేస్తారు. "అట్టపెట్టెలు అతికించుకోమంటే అతికించుకుంటానే, అదీ పనే. కానీ ముక్కు మేడమ్ కాకపోతే నేనెవర్నే?" అంది. 

మర్నాడు ఇద్దరం డాక్టరు దగ్గరికి వెళ్ళాం. ఆయన చూసి, జ్వరం తర్వాత కొందరికి ఇలా అవుతుందనీ, తిరిగి రావచ్చు, రాకపోనూవచ్చుననీ, మందులకంటే రోజూ కొన్ని తెలిసిన వాసనలు ముక్కుకి చూపిస్తూ ఉండటమే మంచిదనీ చెప్పాడు. అత్తయ్య ఇంటికొచ్చి లవంగాల డబ్బా తీసి మొహం దాదాపు అందులో పెట్టేసింది. ఏమీ లేదు. మర్నాడు మళ్ళీ పెట్టింది. ఏమీ లేదు. మూడోసారికి డబ్బా విసిరికొట్టింది. "రోజూ పరీక్షకి కూర్చుని రోజూ తప్పడం నా వల్ల కాదు. ఇంకెప్పుడూ ఆ మాట ఎత్తకు. ముఖ్యంగా మీ మావయ్యకి చెప్పావో, నీకూ నాకూ చెల్లు" అంది. లవంగాలు ఏరుతూ సరేనన్నాను.

ఇక్కడ ఇలా ఉంటే, లాబ్‌లో మావయ్య వాలకం ఇంకోలా ఉంది. మార్చినమట్టి బాగా కుదురుతోంది, పచ్చిమట్టి పనికిరాదని తేలిపోయింది. నూనె పట్టించిన పచ్చిమట్టి డబ్బాలన్నీ పారేసి అరలు ఖాళీ చెయ్యమన్నారు డైరెక్టరు గారు. మావయ్య అడ్డం పడ్డాడు. అవన్నీ నాకిచ్చెయ్యండి, ఇంటికి తీసుకుపోతానన్నాడు.

"ఆ మట్టి తడి తగిలితే చాలు వాసన వదిలేస్తోంది కదండీ, ఎందుకు మీకు?" అన్నారు డైరెక్టరు గారు.

"అందుకే" అన్నాడు మావయ్య. అని, డబ్బాలు సంచిలో సర్దుకున్నాడు. డైరెక్టరు గారు నా వంక చూశారు. నేను కిటికీ వంక చూశాను.

ఆ ఆదివారం మావయ్య కుట్టుమిషన్ ముందు కూర్చున్నాడు. ఆయన చారల పైజమా ఒకటి ముక్కలై చిన్నచిన్న సంచులుగా మారిపోయింది. ప్రతి సంచిలోనూ పచ్చిమట్టి. స్నానాలగదిలో తువ్వాలు తగిలించే మేకుకి లవంగం సంచి. చేతులు కడుక్కునే చోట కుళాయి పక్కన నిమ్మగడ్డి. టీ కెటిల్ మూతి దగ్గర, ఆవిరి తగిలేటట్టు, యూకలిప్టస్. అత్తయ్య గొడుగు లోపల, కర్రకి కట్టి, గులాబి. ఎందుకు మావయ్యా అంటే పురుగు రాకుండా అన్నాడు. గొడుగులో పురుగేమిటి అంటే, రాదని నీకేం తెలుసు అన్నాడు.

అత్తయ్య తల ప్రాణం తోకకొచ్చింది. కుళాయి తిప్పితే మట్టి, టీ పోస్తే మట్టి, గొడుగు విప్పితే నెత్తిన మట్టి. అరిచింది. కంపని కాదు, మురికి అని. ఒకటి తీసి పారేస్తే సాయంత్రానికి అదే చోట అదే నూనెతో కొత్త సంచి వేలాడేది. మావయ్య ప్రతి ఆదివారం పాతవి విప్పి తాజావి కట్టేవాడు. చారల పైజమాలు అయిపోయి గళ్ళ లుంగీల దాకా వచ్చింది వ్యవహారం.

నాకు మాత్రం ఒళ్ళు మండిపోయేది. ఆవిడ బతుకు ఆవిడ ముక్కు మీద వేలాడుతుంటే, ఈయన గొడుగులో మట్టి వేలాడదీస్తున్నాడు. ఒకరోజు ఉండబట్టలేక, నోటిదాకా వచ్చిన అసలు మాట మింగేసి, ఈ సంచులతో అత్తయ్య విసిగిపోతోంది మావయ్యా, కొన్నాళ్ళు ఆపు అని చెప్పాను. ఆయన సూదిలో దారం ఎక్కిస్తున్నాడు.

"మట్టి తొందరపడదు అమ్మలూ" అన్నాడు. "నువ్వూ పడకు."

ఇలాంటి మనిషితో ఏం మాట్లాడతాం చెప్పండి.

వానలు వచ్చాయి. గొడుగు రోజూ తడిసి రోజూ ఆరుతోంది. వానలు వెనకపట్టాక ఒక సాయంత్రం అత్తయ్య గొడుగు మడుస్తూ గుమ్మంలోనే నిలబడిపోయింది. ఏమిటని అడిగితే, ఏమో, ఏదో వస్తున్నట్టే ఉండి పోయింది, నా భ్రమేమోలే అంది. ఇంకోసారి టీ కలుపుతూ ముక్కు చిట్లించింది, మళ్ళీ తల అడ్డంగా ఊపి చక్కెర వేసుకుంది. పరీక్ష దగ్గరికొస్తున్నకొద్దీ ఆవిడ మాట తగ్గింది. అన్నం తగ్గింది. ప్యాకింగ్‌లో పనిచేసే ఆవిడతో స్నేహం మొదలుపెట్టింది, ఆ పనేమిటో ముందే తెలుసుకుంటే మంచిదని.

చలి బాగా ముదిరిన ఒక పొద్దున్న మావయ్య వరండాలో అద్దం పెట్టుకుని గడ్డం గీసుకుంటున్నాడు. సగం మొహానికి నురగ ఉంది. నేను పేపరు చూస్తున్నాను. అత్తయ్య స్నానానికి వెళ్ళింది. వేడినీళ్ళ ఆవిరి తలుపు సందులోంచి పొగలా వస్తోంది. ఉన్నట్టుండి లోపల్నుంచి కేక.

"ఏమండీ, ఈ లవంగం సంచి ఇక్కడ ఎవరు కట్టమన్నారు? ఘాటుకి ముక్కు పగిలిపోతోంది. ఆ కంపు సంచులన్నా తీయండి, నన్నన్నా..."

మాట మధ్యలో ఆగిపోయింది. నీళ్ళ చప్పుడు కూడా ఆగింది. మావయ్య చేతిలో రేజరు ఆగింది. 

తలుపు తీసుకుని అత్తయ్య బయటికొచ్చింది. తడిజుట్టు, చీర హడావిడిగా చుట్టబెట్టుకుంది, చేతిలో గళ్ళ సంచి. దాన్ని ముక్కు దగ్గర పెట్టుకుంది, తీసింది, మళ్ళీ పెట్టుకుంది. ముందు నా వంక చూసింది. తర్వాత మావయ్య వంక చూసి మెల్లిగా అంది. "వాసన వస్తోంది."

ఆ మాటకి మొహం మాడ్చుకోవడమే తప్ప ఇంకోటి ఎరగని మనిషి, నురగ మొహంతో పీట మీద కూలబడి, పగలబడి నవ్వాడు. నవ్వుతూ నవ్వుతూ నురగంతా చొక్కాకి పూసుకున్నాడు.

అత్తయ్య చేతిలోని సంచి వంకా ఆయన వంకా చూసింది. "మీకెప్పట్నుంచి తెలుసు?" అంది.

"నువ్వు లవంగం సీసా చూసి రావట్లేదన్న రోజు నుంచీ" అన్నాడు. "ఆ సీసా మూత తీస్తే కిందింటివాళ్ళు తుమ్మారు. మర్నాడు వంటింట్లో కావాలనే మూడు సీసాలు పెట్టాను. నువ్వు తిట్టలేదు. నాకు భయం వేసింది."

"మరి అడగరేం?"

"నువ్వు చెప్పదలుచుకోలేదుగా. డాక్టరుని నేనూ అడిగాను, రోజూ వాసన చూపించమన్నాడు. నిన్ను కూర్చోబెట్టి చూపిస్తే రోజూ రావట్లేదని చెప్పాలి నువ్వు. ఆ మాట నీ చేత రోజూ చెప్పించడం నాకిష్టం లేక, నీకు తెలియకుండానే ముక్కుకి తగిలేటట్టు కట్టాను. పచ్చిమట్టి కదా, తడి తగిలితే కాస్త, ఆవిరి తగిలితే కాస్త, దానంతటదే వదులుతుంది. పనికిరాదన్నారు లాబ్‌లో. ఇంట్లో పనికొచ్చింది."

అత్తయ్య భుజం మీద తువ్వాలు తీసి ఆయన మొహానికున్న నురగ తుడిచింది. ఒక చెంప నున్నగా, ఒక చెంప గరుగ్గా ఉన్న మావయ్య ఆ రోజు అలాగే లాబ్‌కి వెళ్ళాడు. గొడుగులో సంచి ఏ పురుగు కోసమో నాకూ అప్పుడు అర్థమైంది.

పరీక్ష రోజు మేమిద్దరం ఫ్యాక్టరీ గేటు బయట బెంచీ మీద కూర్చున్నాం. వాసనలు తిరిగొచ్చాయి కానీ అన్నీ ఒక్కసారి రాలేదు, గులాబీ ఇంకా దోబూచులాడుతూనే ఉంది. మావయ్య మోకాళ్ళు ఊపుతూ కూర్చున్నాడు. ఎంతమంది వచ్చిపోతున్నా జేబులో చెయ్యి పెట్టలేదు. చివరికి, ఇదివరకే ఆ సీసా రుచి చూసిన ఫ్యాక్టరీ వాచ్‌మనే దగ్గరికొచ్చి, సీసా తేలేదా సార్ ఈ రోజు అని పరామర్శించాడు.

అత్తయ్య బయటికొచ్చేసరికి మావయ్య లేచి నిలబడ్డాడు. ఆవిడే చెప్పింది. అన్నీ చెప్పగలిగిందట, గులాబీ దగ్గర మాత్రం చెమటలు పట్టాయట. చివర్లో పెట్టిన ముక్క దగ్గర పెద్ద గొడవైందట. అది వాసన కలపని ఉత్త సబ్బు, అందర్నీ బోల్తా కొట్టించడానికి పెట్టింది. ఇందులో సువాసన లేదు, మట్టి ఉంది అంది అత్తయ్య. మట్టి లేదు మేడమ్, తప్పు అన్నాడు మేనేజరు. ఉంది అంది. లేదన్నాడు. సబ్బు కలిపేవాళ్ళని పిలిపిస్తే, ముక్క గట్టిగా ఉంటుందని ఈ మధ్యే కాస్త తెల్లమట్టి కలుపుతున్నామని వాళ్ళు ఒప్పుకున్నారట.

"ఎలా కనిపెట్టారు మేడమ్ అని అడిగాడు ఆయన" అంది అత్తయ్య. "ఇన్నేళ్ళుగా ఆ మట్టితోనే కాపురం చేస్తున్నాను, నాకు తెలియక ఇంకెవరికి తెలుస్తుందండీ అన్నాను."

మావయ్య ఇంటికెళ్ళేదాకా ఆ మాట ఆవిడ చేత మళ్ళీ మళ్ళీ చెప్పించుకున్నాడు.

ఆ తర్వాతి ఆదివారం మావయ్య సంచులన్నీ విప్పేశాడు. మొలకి మిగిలిన ఒక్క లుంగీతో వచ్చి, ఎన్నాళ్ళకో జేబుసీసా తీసి, మూత తిప్పి, అత్తయ్య ముక్కు కింద పెట్టాడు. మార్చినమట్టిలో అన్నిటికంటే కొత్త రకం. దీనికోసం లాబ్ అంతా కళ్ళల్లో వత్తులు వేసుకుని ఎదురుచూస్తోంది.

"వాసన వస్తోందా?"

అత్తయ్య పీల్చింది. నేనూ అక్కడే ఉన్నాను, సన్నగా పుదీనా వస్తూనే ఉంది. ఆవిడ ఆయన మొహంలోకి చూసింది. ఇన్ని నెలలు ఈ మనిషి నాకోసం ఎంత చేశాడు, ఒక్కసారి సంతోషపెడితే ఏం పోయింది అనుకుని ఉంటుంది. ఊరంతా చెప్పే ఆ చిన్న అబద్ధం జీవితంలో మొదటిసారి తనూ చెప్పింది.

"రావట్లేదండీ."

మావయ్య మొహం పాలిపోయింది. సీసా చేతిలోంచి జారి మట్టి నేలపాలైంది. "చెప్పులేసుకో, డాక్టరు దగ్గరికి పోదాం" అని ఆవిడ చెయ్యి పట్టుకుని గుమ్మంవైపు లాగాడు. ఒంటి మీద చొక్కా లేదన్న ధ్యాస కూడా లేదు. "అమ్మలూ, లవంగం డబ్బా తే, కోసిన లుంగీల్లో మిగిలిన గుడ్డ ఎక్కడుంది, సంచులు కుట్టాలి" అంటున్నాడు. 

"వస్తోందండీ, వస్తోంది" అంది అత్తయ్య గాభరాగా. "పుదీనా. కింద కొంచెం మట్టి. మీరు సంతోషిస్తారని ఊరికే అన్నాను."

మావయ్య ఆగాడు. "నిజంగా వస్తోందా?"

"నిజంగా వస్తోంది."

గుండెల నిండా ఊపిరి పీల్చి, హమ్మయ్య అని గుమ్మంలోనే కూర్చుండిపోయాడు. అత్తయ్య పక్కనే కూర్చుని ఆయన చెయ్యి వదల్లేదు.  నేను చీపురు తెచ్చి నేలమీది మట్టి ఊడుస్తున్నాను.

అప్పుడు మావయ్య మెల్లిగా ఆ మట్టి వంక చూశాడు. ఆయన మొహం పాతరోజుల్లోలాగే ముడుచుకుపోయింది.

"వస్తోందా..." అన్నాడు దిగులుగా. "అయితే ఇదీ సరిగ్గా పట్టలేదన్నమాట."